యూనియన్ పిల్లలు

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు అది. గేటు లోపల పిల్లలంతా వరసలు కట్టి నిలబడ్డారు. గేటు బయట తొమ్మిది మంది నిలబడ్డారు. బయటవాళ్లు కూడా లోపలివాళ్లలాగే తల దువ్వుకుని, సంచులు భుజాన తగిలించుకుని వచ్చారు. లోపలివాళ్లకు అమ్మో నాన్నో ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఉన్నారు. బయటవాళ్లకు ఇద్దరూ లేరు. ఇద్దరినీ ఎయిడ్స్ తీసుకుపోయింది.

చొక్కాల ఫ్యాక్టరీలో గుండీల కాజాలు తీసే కాజాల పిన్ని పనికి పోతూ పోతూ అది చూసి ఆగింది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు ఆమె అక్క పిల్లలు. పెద్దదాన్ని గువ్వ అంటారు, పన్నెండేళ్లది. చిన్నవాడు బుడ్డోడు, నిరుడే బడిలో వేశారు. పొద్దున్నే వాళ్లకు అన్నం పెట్టి, బుడ్డోడి చేత మాత్ర మింగించి, ముఖాలు తుడిచి పంపింది పిన్నే. ఇప్పుడు వాడు గేటు ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టి, తన బెంచీ నేస్తాన్ని పిలుస్తున్నాడు. ఆ పిల్లవాడు రాబోయాడు. వెనక నుంచి ఎవరో కసిరితే ఆగిపోయాడు.

తాళం ఎందుకు తియ్యవని పిన్ని వాచ్‌మన్‌ని నిలదీసింది.

"నన్నేం చెయ్యమంటావమ్మా. పైనుంచి చెప్పారు" అన్నాడతను నేల చూపులు చూస్తూ.

ఆ బడికి పైన ఎవరూ లేరు. అది కంపెనీ బడీ కాదు, సర్కారు బడీ కాదు. కంపెనీ వరస గదుల్లో, అంటే లైన్లలో ఉండే కుట్టు కార్మికులు షిఫ్టు దిగి, కడుపులో ఇంత పడకముందే ఇటుకలు మోసి కట్టుకున్న యూనియన్ బడి. ఇసుక తోలింది పిన్ని బావ, అంటే గువ్వ వాళ్ల నాన్న. కంపెనీ లారీకి డ్రైవరు. బండి ఖాళీగా తిరిగొచ్చే రోజు చూసుకుని, మేనేజరు కళ్లు కప్పి, ఏట్లో ఇసుక నింపుకొచ్చి ఇక్కడ దింపేవాడు. ఆయన కష్టం కలిసిన గోడల ముందు ఆయన పిల్లలే ముద్దాయిల్లా నిలబడి ఉన్నారు.

పైనుంచి అంటే ఎవరని పిన్ని మళ్లీ అడిగింది. వాచ్‌మన్ చివరికి బయటపెట్టాడు. చెప్పింది యూనియన్ సెక్రటరీ.

పిన్ని నమ్మలేదు. అతను చెయ్యని పని ఎవరో అతని నెత్తిన రుద్దుతున్నారనుకుంది. అలా అనుకోవడానికి ఆమెకు కారణం ఉంది. పెద్ద సమ్మె జరిగినప్పుడు సెక్రటరీ ఇస్త్రీ సెక్షన్‌లో పనివాడు. పోలీసులు అతని కోసం లైన్లన్నీ గాలిస్తుంటే, బావ అతన్ని లారీలో చొక్కాల మూటల కింద పడుకోబెట్టి ఊరు దాటించాడు. తర్వాత అది బయటపడింది. బావను స్టేషన్లో వేసి కుళ్లబొడిచారు. ఎక్కడ దించావురా అంటే ఒక్క ముక్క చెప్పలేదు. ఆ దెబ్బలతో పడిన నడుం మళ్లీ సరిగా లేవలేదు. ఆ తర్వాత ఆ జబ్బు వచ్చింది. బావ పోయాడు, ఏడాది తిరక్కుండా అక్కా పోయింది. అక్కను సాగనంపిన రోజున సెక్రటరీ బుడ్డోణ్ణి చంకనెత్తుకుని అందరి ముందూ ఒక మాటన్నాడు. వీళ్లు అనాథలు కారు, యూనియన్ పిల్లలు, వీళ్ల మీద ఈగ వాలినా యూనియన్ ఊరుకోదు అన్నాడు. లైన్లలో ఆ జబ్బుకు తల్లీతండ్రీ పోయిన పిల్లలందరికీ ఆ పేరే నిలిచింది. బడి ఊడ్చే ఊడ్పుల అవ్వ ముగ్గురు మనవలూ, సెలూన్ తాత సాకుతున్న కవలలూ, వాళ్లతో పాటే లైన్ల చివరి వరస గదుల్లో ఉన్న మిగతా ఇద్దరూ, అందరూ యూనియన్ పిల్లలే. ఆ మాటను పట్టుకునే పిన్ని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉంది.

మధ్యాహ్నం తిండి గంట కొట్టగానే ఆమె డబ్బా విప్పకుండా యూనియన్ ఆఫీసుకు పోయింది.

సెక్రటరీ ఆమెను చూసి లేచాడు, కుర్చీ జరిపాడు, చెల్లెమ్మా కూర్చో అన్నాడు. ఆ మర్యాద చూసేసరికే వాచ్‌మన్ చెప్పింది నిజమేనని ఆమెకు అనిపించింది. ఎప్పుడూ బల్ల అంచున కూర్చుని, ఏమ్మా ఏం తెచ్చావ్ తినడానికి అని అడిగే మనిషి. అతను చాలా చెప్పాడు. ఇది తన నిర్ణయం కాదట. సగం లైన్లు సంతకాలు పెట్టి ఇచ్చాయట, ఆ పిల్లలుంటే మా పిల్లల్ని మాన్పిస్తామని. కంపెనీ పెద్దమనసు చేసుకుని ఊరి బయట, కొండ అవతల ఒక హోమ్ చూపించిందట. అక్కడ మంచాలున్నాయట, ఆయాలున్నారట. సోమవారం వ్యాను వస్తుందట.

"పిల్లల్ని పంపించేస్తారా?" అంది పిన్ని.

"పంపించడం అంటావేంటి చెల్లెమ్మా. వాళ్ల మంచికే కదా. బడి ఖాళీ అయిపోతే ఎవరికి లాభం చెప్పు. తొమ్మిది మంది కోసం మూడొందల మందిని పోగొట్టుకుందామా?"

"ఆ రోజు నీ ఒక్కడి కోసం మా బావ లెక్కలేసుకోలేదన్నా."

సెక్రటరీ ముఖం మాడిపోయింది. పిన్ని కుర్చీలో కూర్చోకుండానే వచ్చేసింది. దారిలో ఆమెకు ఏడుపు రాలేదు.  మేనేజరు తిడితే ఎదురు తిట్టడం ఆమెకు తెలుసు. పోలీసు లాఠీ ఎత్తితే ఎటు తప్పుకోవాలో తెలుసు. అన్న అనుకున్నవాడు చెల్లెమ్మా అంటూనే గొంతు కోస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

ఆమె పట్టుబట్టి మీటింగు పెట్టించింది. బడి ఆవరణలోనే పెట్టారు. సర్కారు ఆసుపత్రి నుంచి నర్సమ్మను బతిమాలి తీసుకొచ్చింది. నర్సమ్మ నిలబడి ఓపిగ్గా చెప్పింది. పక్కన కూర్చుంటే ఈ జబ్బు రాదు, కలిసి తింటే రాదు, ఆడుకుంటే రాదు, ముద్దు పెట్టుకున్నా రాదు. ఈ తొమ్మిది మందిలో ఆరుగురికి అసలు జబ్బే లేదు. ఉన్న ముగ్గురూ మందులు మింగుతున్నారు, అందరు పిల్లల్లాగే పెరుగుతారు. జనం విన్నారు. నర్సమ్మ కూర్చోగానే, ఆవిడకేం, సాయంత్రం తన ఇంటికి తను పోతుంది అని వెనక నుంచి ఒకడన్నాడు. జనం నవ్వారు. పిన్ని వెనక్కి తిరిగి చూసింది. నవ్వినవాళ్లలో బావతో పాటు సమ్మెలో తన్నులు తిన్నవాళ్లున్నారు.

సెలూన్ తాత లేచాడు. లైన్లలో సగం తలలు ఆయన కత్తెర కింద పెరిగినవే. ఈ పిల్లలుండే చివరి వరస గదులు ఖాళీ అయితే కంపెనీ అక్కడ కొత్త గోడౌను కడుతుందట, అది నిజమా కాదా అని సెక్రటరీని అడిగాడు.  గొడవ పెంచకండి పెద్దాయనా, ఓటు పెడదాం అన్నాడు సెక్రటరీ. పిల్లల్ని హోమ్‌కు పంపడానికి ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి అన్నాడు.

సగానికి పైగా చేతులు లేచాయి. పిన్ని ఒక్కో చెయ్యీ చూస్తూ పోయింది. రెండో వరసలో లేచిన చెయ్యి కాలరక్కది. ఎనిమిదేళ్లుగా పక్కపక్క మిషన్ల మీద పని చేస్తున్నారిద్దరూ. ఆమె కాలర్లు కుడితే ఈమె కాజాలు తీస్తుంది. అక్క పోయినప్పుడు పిన్ని నోట్లో మొదటి ముద్ద పెట్టింది కాలరక్కే. ఇప్పుడు చెయ్యెత్తి, తల మాత్రం కిందికి దించుకుని కూర్చుంది.

మర్నాటి నుంచి ఫ్యాక్టరీలో పిన్ని చుట్టూ చోటు పెరిగింది.  ఆమె తాగిన గ్లాసు పక్కకు జరిగిపోయేది. ఆమె మిషన్ దగ్గర పెట్టాల్సిన ముక్కల కట్ట అంత దూరాన పడేది. నీకూ ఉందా అని ఎవరూ అడగలేదు, కానీ ఉన్నట్టే చూశారు. ఇంటికి పోతే గువ్వ తమ్ముడికి అక్షరాలు దిద్దించేది. మీటింగులో ఏం తేలిందని పిన్నిని అడిగేది కాదు. ఒకసారి మాత్రం, "మామయ్య మళ్లీ మనింటికి రాడా పిన్నీ?" అంది. మామయ్యంటే సెక్రటరీ. రాడని చెప్పింది పిన్ని. ఆ పిల్ల అర్థమైనట్టు తల ఊపి పుస్తకం తెరిచింది.

శుక్రవారం నోటీసు అంటించారు. కార్మికుల ఆరోగ్యం మీద శ్రద్ధతో కంపెనీ వచ్చే వారం అందరికీ ఉచితంగా రక్తపరీక్ష చేయిస్తుందట. పరీక్షకు రానివాళ్లను పనిలోకి రానివ్వరట. కింద మేనేజరు సంతకం, దాని పక్కన యూనియన్ సెక్రటరీ సంతకం.

నోటీసు చదివిన వాళ్లు చదవని వాళ్లకు చెప్పారు.  సూపర్‌వైజర్ ఎప్పటిలాగే టార్గెట్ టార్గెట్ అంటూ వరసల మధ్య తిరుగుతున్నాడు. షిఫ్టు సగంలో కాలరక్క వేలిలోకి సూది దిగింది. గోరు మధ్య నుంచి దిగి లోపలే విరిగింది. కుట్టు పనిలో ఇది కొత్తేమీ కాదు. మామూలుగా అయితే నలుగురు పరుగెత్తుకొచ్చి, ఒకరు చెయ్యి పట్టుకుని, ఒకరు ముక్క లాగి, ఒకరు గుడ్డ చుట్టేవాళ్లు. ఆ రోజు ఎవరూ లేవలేదు. తెల్ల కాలరు మీద రక్తం కారుతోంది. అందరూ ఆ రక్తాన్నే చూస్తున్నారు. అటు పక్క మిషన్ మీది మనిషి తన స్టూలు వెనక్కి లాక్కుంది. సూపర్‌వైజర్ దూరం నుంచే, గుడ్డ మీద పడనివ్వకు, సూది ముక్కలన్నీ వెతికి చూపించు అని కేకలేశాడు.

పిన్ని లేచింది. లేవాలని ఆమెకు లేదు. అయినా లేచింది. మిషన్ పక్క పెట్టెలో ఉండే రబ్బరు తొడుగు చేతికి వేసుకుని, ఎనిమిదేళ్లుగా ఏం చేసేదో అదే చేసింది. చెయ్యి పట్టుకుని, ముక్క లాగి, కట్టు కట్టింది. కాలరక్క వెనక్కి జరిగిన ఆ స్టూలు వంకే చూస్తోంది. 

సాయంత్రం లైన్లలో పంపు దగ్గర కాలరక్క బిందె కింద పెట్టి ఆమె ముందు నిలబడింది.

"నేను చెయ్యెత్తాను. నువ్వు చూశావు."

"చూశాను."

"భయమేసింది. మావాడు బుడ్డోడి పక్కనే కూర్చుంటాడు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఇవాళ నా రక్తం చూసి అందరూ నన్ను కూడా..." అని ఆగిపోయింది. "ఒక్క మాటన్నా తిట్టవే."

"తిట్టడానికి నాకు ఓపిక లేదక్కా" అంది పిన్ని. "ఆ రోజు పిల్లల వంక చూసినట్టే ఇవాళ నీ వంక చూశారు. వచ్చే వారం అందరి వంకా చూస్తారు. నీ బిందె నిండింది, తీసుకుపో."

కాలరక్క బిందె తియ్యలేదు. నీళ్లు పొర్లిపోతున్నాయి. వెనక వరసలో ఉన్నవాళ్లు ఏమైందని దగ్గరికి వచ్చారు. మాట మొదలైంది. పరీక్ష చేయించుకుంటే తప్పేముంది, ఏ పాపం ఎరగనివాళ్లకు భయమెందుకు అని ఒకామె అంది. చొక్కాలకు చేతులు అతికే కొత్త పెళ్లికూతురు ఆమె మీద విరుచుకుపడింది. "నేనే పాపం ఎరగను. మా ఆయన ఊళ్లు తిరిగే పనిలో ఉన్నాడు. నా రక్తంలో ఏముందో నాకేం తెలుసు? ఉందని తేలితే నన్ను ఏ కొండ అవతల పారేస్తారు?" అంది. ఇంకొకామె, నిజమే, మా ఇంట్లోనూ లారీ మీద పోయేవాడున్నాడు అంది. ఒకరి తర్వాత ఒకరు, ఇన్నాళ్లూ మొగుళ్లకు కూడా చెప్పని భయాలు పంపు దగ్గర చెప్పుకున్నారు. చీకటి పడుతున్నా కదలలేదు.

సెలూన్ తాత అటుగా పోతూ నిలబడి విన్నాడు. "పరీక్ష మంచిదేనమ్మా" అన్నాడు. "ఆసుపత్రిలో చేయించుకుంటే మందిస్తారు. మేనేజరు దగ్గర చేయించుకుంటే గేటు చూపిస్తాడు. సమ్మెలో ముందు నిలబడ్డవాళ్లకి జబ్బు లేకపోయినా ఉందంటాడు. అడిగేవాడెవడు? అడగాల్సినవాడు సంతకం పెట్టేశాడు."

 సెక్రటరీ గురించి అంత సూటిగా అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఒకామె, మనోడనుకున్నాం అంది. మరొకామె, నేను నా బంగారంలాంటి ఉద్యోగం పణంగా పెట్టి ఆ మనిషి వెనక నడిచాను అంది. తిట్లు మొదలయ్యాయి. పిన్ని వాటిని ఆపింది. అతన్ని తిడితే మన కడుపుమంట తీరుతుందేమో కానీ సోమవారం వ్యాను ఆగదు అంది. ముందు పిల్లల్ని బడిలో కూర్చోబెట్టాలి. వాళ్లను కదలనివ్వకపోతే రేపు మనల్నీ కదల్చలేరు. మీలో చాలామంది చేతులెత్తారు, ఆ చేతులు నేను మర్చిపోను, అయినా ఇప్పుడు ఆ చేతులే కావాలి అంది. ఆమె మాటల్లో మెత్తదనం లేదు. అందుకే వాళ్లు నమ్మారు.

గేటు తాళం సంగతేమిటని ఎవరో అడిగారు. ఊడ్పుల అవ్వ అంతవరకూ ఒక పక్కన కూర్చుని ఉంది. బడి ఊడ్చేది ఆమే. మనవలను రానివ్వని గదులను రోజూ పొద్దున్నే తనే ఊడ్చి, నీళ్లు చల్లి వచ్చేది. బొడ్లోంచి తాళం చెవి తీసి చూపించింది. "ఈ ముసలిదాని ఉద్యోగం పోతే పోనీ" అంది.

సోమవారం పొద్దున అవ్వ గేటు తెరిచి బార్లా పెట్టింది. ఆడవాళ్లు రెండు పక్కలా నిలబడ్డారు. మధ్యలోంచి గువ్వ తమ్ముడి చెయ్యి పట్టుకుని ముందు నడిచింది, మిగతా ఏడుగురూ వెనక నడిచారు. వాచ్‌మన్ అడ్డురాలేదు. అది చూసి కొందరు తల్లిదండ్రులు పరుగున వచ్చి తమ పిల్లల రెక్కలు పట్టుకుని లాక్కుపోయారు. కాసేపట్లో బెంచీలు సగం ఖాళీ అయ్యాయి. పంతులమ్మ సుద్దముక్క పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడింది. అప్పుడు కాలరక్క తన కొడుకును తీసుకుని లోపలికి వచ్చింది. వాణ్ణి బుడ్డోడి పక్కన కూర్చోబెట్టి, పాఠం చెప్పండమ్మా అంది.

వ్యాను వచ్చింది. దాని వెనక పోలీసు జీపు. జీపు ముందు సీట్లోంచి సెక్రటరీ దిగాడు. లారీ మూటల కింద ఊపిరి బిగబట్టి పడుకున్నవాడు ఈసారి పోలీసుల పక్కన కూర్చుని వచ్చాడు. ఆడవాళ్లు గేటుకు అడ్డంగా నేల మీద కూర్చున్నారు. లేవమని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. లేవలేదు. మళ్లీ చెప్పాడు. వీళ్లలో పెద్దలెవరని సెక్రటరీని అడిగాడు. పిన్ని సెక్రటరీ ముఖంలోకి చూసింది. అప్పటికీ ఆమెలో ఎక్కడో చిన్న ఆశ ఉంది. నోరు విప్పడనుకుంది. తన బావ విప్పలేదు కదా.

సెక్రటరీ చెయ్యి చూపించాడు. ఆమెను, తాతను, అవ్వను, చేతులు అతికే పిల్లను.

జుట్టు పట్టుకుని ఈడ్చారు. అవ్వను ఇద్దరు పోలీసులు ఎత్తి జీపులో వేశారు. తాత కళ్లజోడు కింద పడి నలిగిపోయింది. పిన్ని జీపు ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసింది. గేటు దగ్గర ఖాళీ అయిన జాగాలో మరి కొంతమంది ఆడవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లలో మీటింగులో నవ్వినవాళ్లు ఉన్నారు. వ్యాను డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, విసుగెత్తి ఇంజన్ ఆపేశాడు.

మధ్యాహ్నం సెక్రటరీ స్టేషన్‌కు వచ్చాడు. లాకప్ ఊచల అవతల నిలబడి పిన్నితో మెల్లగా మాట్లాడాడు. తను మాట్లాడి ఒప్పించాడట, కేసు ఉండదట, ఉద్యోగాలు పోవట. పిల్లల్ని పంపడానికి ఒప్పుకుంటే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చట. తనకూ కష్టంగానే ఉందన్నాడు. కంపెనీతో రోజూ తలపడలేం, కొన్ని వదులుకోవాలి, కొన్ని మిగుల్చుకోవాలి, అది నీకు ఇప్పుడు అర్థం కాదు అన్నాడు. చెప్తున్నప్పుడు అతని కళ్లు నిజంగానే తడిశాయి. అది చూసే పిన్నికి అన్నిటికంటే ఎక్కువ అసహ్యం వేసింది.

"మా బావను కొట్టింది ఈ గదిలోనే" అంది. "నువ్వెక్కడున్నావో చెప్తే ఇంటికి పంపిస్తామని ఆయనకూ చెప్పారు. నువ్వు పో అన్నా."

అతను ఇంకేదో అనబోయాడు. అప్పుడు బయట అలికిడి అయింది. మొదట నడక చప్పుడు, తర్వాత మాటలు. కానిస్టేబుల్ కిటికీలోంచి చూసి, సార్, లైన్లు లైన్లన్నీ వచ్చేసినట్టున్నాయి అన్నాడు. షిఫ్టు మధ్యలో మిషన్లు వదిలేసి వచ్చారు. దారాలు ఇంకా బట్టలకు అంటుకునే ఉన్నాయి. పిల్లలు కూడా వచ్చారు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి పోయి వెళ్లిపొమ్మన్నాడు. వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు.

సెక్రటరీ ఈ స్టేషన్‌కు చాలాసార్లు వచ్చినవాడు. ఎప్పుడొచ్చినా వెనక వందమంది ఉండేవాళ్లు, ముందు గుమ్మం నుంచే నినాదాలిచ్చుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడు కానిస్టేబుల్‌ను పక్కకు పిలిచి, వెనక నుంచి దారి ఉందా అని అడిగాడు. లేదన్నాడు కానిస్టేబుల్.

పిన్ని ఊచలు పట్టుకుని చూస్తోంది. సెక్రటరీ చొక్కా సర్దుకుని గుమ్మం దాటాడు. రోడ్డు నిండా ఆడవాళ్లు. ఎవరూ అరవలేదు, ఎవరూ దారి ఇవ్వలేదు. అతను మెట్టు మీదే నిలబడిపోయాడు. ముందు వరసలోంచి కాలరక్క లేచింది. వేలికి కట్టు ఇంకా ఉంది. ఆమె ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తిన మనిషి కాదు.

"ఒక కబురు తీసుకుపోండి" అంది. "పరీక్షకు ఒక్క చెయ్యి కూడా చాపం. పిల్లల్లో ఒక్కరిని కూడా పంపం. లోపలున్నవాళ్లు బయటికి వచ్చేదాకా మిషన్లు తిరగవు. ఇదంతా మీ మేనేజరుగారికి చెప్పండి."

సెక్రటరీ మెట్టు దిగాడు.  కాలరక్క పక్కకు తప్పుకుంది. ఆమె వెనకవాళ్లు కూడా తప్పుకుని, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత దారి వదిలారు. కంపెనీ మనిషి కబురు తీసుకుని ఆ దారిన వెళ్లిపోయాడు. అతను దాటిపోగానే ఆడవాళ్లు మళ్లీ దగ్గరగా జరిగి కూర్చున్నారు.